ఆ నలభై సెకన్లు

ఆ మంగళవారం సాయంత్రం శశికళ టీచరు సంచిలో ఒక నూరుపేజీల నోటుపుస్తకం ఉంది. అది ఆమెది కాదు. నాలుగు రోజుల కిందట ఒక పిల్ల చేతిలోంచి లాక్కున్నది.

ఆ శుక్రవారం బేతంచెర్లలో కళాసమితి వాళ్లు మండల వక్తృత్వ పోటీ పెట్టారు. తొమ్మిదో తరగతి కృపారాణి ‘నీటి విలువ’ మీద తడబాటు లేకుండా మాట్లాడుతూ మాట్లాడుతూ, ఉన్నట్టుండి నోరు కట్టేసినట్టు నిలబడిపోయింది. నలభై సెకన్లు. తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ మొదలుపెట్టి, ముగించి, నమస్కారం పెట్టి దిగింది. ఇరవై సెకన్లు దాటి ఆగితే మరిచిపోయినట్టే లెక్క అని పోటీ నిబంధన. ఆమె పేరు ఎదుట ‘మరిచిపోయినది’ అని రాసి పక్కన పెట్టేశారు. ఆ సమయానికి శశికళ వరండాలో పిల్లల వయసు పత్రాలు నింపుతూ ఉంది. ఆగిన సంగతి మిగతా టీచర్లు చెబితేనే తెలిసింది. ఎందుకు ఆగావని అడిగితే కృపారాణి చెప్పింది ఒకటే మాట, నేను ఆగలేదు టీచర్ అని. హాలు నిండా జనం చూసినదాన్ని పిల్ల ముఖం మీదే కాదనేసరికి శశికళకు ఒళ్లు మండింది. మరిచిపోవడం తప్పు కాదు, అబద్ధమాడడం తప్పు అని పదిమంది ముందు అనేసి పుస్తకం లాగేసుకుంది. సోమవారం కృపారాణి బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు.

అందుకే సాయంత్రం బడి వదలగానే శశికళ ఆ పిల్ల ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరింది.

బేతంచెర్లకు వచ్చి రెండేళ్లయినా పాలిష్ ఫ్యాక్టరీల సందులోకి ఆమె ఎప్పుడూ రాలేదు. ఆమె సొంతూరు వేంపల్లె అవతల, చీనీతోటల మధ్య ఒక చిన్న పల్లె. అక్కడ ఒకరు పిలిస్తే రెండు తోటల అవతలికి వినబడేది. ఇక్కడ సందు మొదట్లోనే చెవులు గింగురుమన్నాయి. ఒక్కో రేకుల షెడ్డు కింద ఒక్కో కోతమిషను. పళ్లచక్రం నాపబండలోకి దిగుతుంటే పైనుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. బండ తెగేదాకా లోకంలో ఇంకో చప్పుడు లేదు. తెగాక చక్రం పైకి లేస్తుంది. ఇద్దరు మనుషులు ఇంకో బండ ఎక్కించి సరిచేసుకునేదాకా కాసేపు నిమ్మళం. ఆ తర్వాత మళ్లీ మొదలు. షెడ్ల ముందు కాలవలో రాతిపొడి కలిసిన నీళ్లు పాలలా పారుతున్నాయి.

కృపారాణి తల్లి సంతోషమ్మ కోసిన బండలను గోడకు నిలువుగా పేరుస్తూ ఉంది. మోచేతులదాకా తెల్లటి పొడి. షెడ్డును ఆనుకునే వాళ్లుండే గది. గది ముందు గిన్నెలు కడుగుతున్న కృపారాణి టీచరును చూసి లేచి నిలబడింది. నమస్తే అనబోయి, అనలేక, లోపలికి వెళ్లిపోయింది. పిల్ల కళ్ల కింద నల్లగా ఉండడం శశికళ గమనించింది. తన కోపానికి ఇంతగా నలిగిపోయిందా అనుకుంది. ఆ అనుకోవడంలో కొంచెం జాలి, ఇంకా కొంచెం కోపం కూడా ఉన్నాయి.

సంతోషమ్మ ఒక బండల దొంతి మీద గోనెసంచి పరిచి కూర్చోమంది. ఆమె గొంతు ఎంత పెద్దదంటే, కూర్చోమన్నదా కోప్పడిందా అని శశికళకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తనేం చెప్పాలో దారిలోనే అనుకుంది కాబట్టి వెంటనే చెప్పేసింది. పోటీలో మరిచిపోవడం పెద్ద నేరమేమీ కాదు, ఎంతమందో మరిచిపోతారు, దానికి బడి మానడమెందుకు, రేపట్నుంచి పంపించండి అంది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ నాలుగు రోజులుగా లోపల గుచ్చుకుంటున్న మాట బయటికి రాకుండా ఉండలేకపోయింది.

“ఆగలేదు అంటాదక్కా. అందరూ చూసినారు. అయినా ఆగలేదనే అంటాది. కృప అట్లాంటి పిల్ల కాదు గదా, ఎందుకట్ల చెప్పిందో నాకర్థం కాలేదు.”

బండ మీద సంతోషమ్మ చెయ్యి నిలిచిపోయింది.

“ఆగినట్టు దానికే తెలీదంటారా టీచరమ్మా?”

“తెలీదనే అంటాది.”

సంతోషమ్మ చేతిలోని బండను గోడకు ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకుని, శశికళ పక్కకు వచ్చి కూర్చుంది. గది వైపు ఒకసారి చూసి, తనకు చేతనైనంతగా గొంతు తగ్గించింది.

“మాకొక తమ్ముడుండాడు, మారెన్నని. వానికి గూడా చిన్నప్పుడు”

అక్కడ ఆగిపోయింది. వెనకాల మిషను బండలోకి దిగింది. సంతోషమ్మ పెదవులు కొంచెం తెరుచుకునే ఉన్నాయి. కళ్లు సందు చివర నిలబడిన లారీ మీద ఉన్నాయి. దుఃఖం వచ్చి గొంతు పట్టేసిందేమో అనుకుని శశికళ తల దించుకుంది. మిషను పైకి లేచింది.

“ఇట్లే అయితాండె. మాట్లాడుతా మాట్లాడుతా అట్లే నిలబడిపోతాండె. యాలరా నిలబడినావంటే, నేనెప్పుడు నిలబడినా అంటాండె. కర్నూలు పెద్దాసుపత్రికి తీస్కపోతే మూర్చరోగమన్నారు.”

సంతోషమ్మ మిగతాది కూడా చెప్పింది. శుక్రవారం రాత్రి పిల్ల ఏడుస్తూ వచ్చి, అందరూ నేను ఆగినానంటాండారు, నాకేం తెలీదమ్మా, నాకు గూడా మామ మాదిరి వచ్చిందా అని అడిగిందట. ఆ రాత్రినుంచి తల్లి పక్కనే పడుకుని పిల్ల ముఖం చూస్తూ ఉంది. పిల్ల నిద్రపోవడం లేదు. క్లాసులో మళ్లీ అట్లా అయితే పిల్లలు నవ్వుతారని బడికి పోనంది. చర్చిలో పాస్టరయ్య చేత ప్రార్థన చేయించారు.

అబద్ధమాడడం తప్పు అని తను అన్న మాట శశికళ చెవిలో మళ్లీ మోగింది. రోగం ఉన్న పిల్లను పట్టుకుని అబద్ధాలకోరు అంది తను. పదిమంది ముందు అంది. సంచిలో ఉన్న నోటుపుస్తకం ఒళ్లో ఒక్కసారిగా బరువెక్కింది.

“దాని నాయన ఇయ్యాల ఓనరును సెలవడిగేదానికి పోయినాడు. గురువారం పొద్దున ఆరు గంటల బస్సుకు కర్నూలు పోదామని”

సంతోషమ్మ మళ్లీ ఆగింది. అదే చూపు, అదే తెరిచిన నోరు. ఈసారి శశికళ తల దించుకోలేదు. ఈమెకూ ఉంది, ఇంటిల్లిపాదికీ ఉంది ఈ జబ్బు, పడిపోతుందేమో అనుకుని సగం లేచి ఆమె భుజం పట్టుకోబోయింది. అలా లేవడం వల్లనే షెడ్డు లోపలివైపు కనబడింది. అక్కడ ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఒకడు చెయ్యి పైకెత్తి, ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచి అలాగే ఉన్నాడు. రెండోవాడు నవ్వబోయి, నవ్వు మొదలుకాకముందే నిలిపేసుకుని అతని ముఖంలోకి చూస్తున్నాడు. పక్కన ఫోను మాట్లాడుతున్న లారీ డ్రైవరు ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాడు గాని పెదవులు కదలడం లేదు. మిగతా అందరి చేతులూ పని చేస్తున్నాయి. ఒక్క నోరూ పని చెయ్యడం లేదు.

చక్రం పైకి లేచింది. షెడ్డంతా ఒక్కసారిగా మాట్లాడింది. చెయ్యి ఎత్తినవాడు చెప్పాల్సింది చెప్పాడు, రెండోవాడు దాచుకున్న నవ్వు నవ్వాడు, డ్రైవరు ఫోనులోకి “అదే చెప్తాండా గదప్పా” అన్నాడు.

“అన్నాడు,” అంది సంతోషమ్మ.

శశికళ మెల్లగా కూర్చుంది. ఊరికే సందేహపడి మళ్లీ పొరబడకూడదని ఇంకోసారి చూసుకోవాలనుకుంది. మిషను మూడోసారి దిగేదాకా ఏవేవో అడిగి సంతోషమ్మను మాట్లాడించింది. మూడోసారీ అంతే. ఈసారి ఆమె చేతిగడియారం చూసింది. ముప్పై ఆరు సెకన్లు. చప్పుడు తగ్గగానే ఏ మాట దగ్గర వదిలిందో ఆ మాటనుంచే అందుకుంది సంతోషమ్మ. ఒక్క అక్షరం వెనక్కి పోలేదు.

“అక్కా, ఇప్పుడు మాట మధ్యలో ఎందుకాగినారు?”

సంతోషమ్మ వింతగా చూసింది.

“నేనెప్పుడు ఆగినా?”

శశికళకు నవ్వు వచ్చింది. ఆపుకోవాలని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని ఆ నవ్వు కళ్లలోంచి నీళ్లుగా కారింది. సంతోషమ్మకు మొదట కోపమొచ్చింది. బిడ్డకు రోగమని చెబితే నవ్వే టీచరును ఎక్కడా చూడలేదన్నట్టు లేచి నిలబడింది. శశికళ ఆమె పొడిచెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టి అంతా చెప్పింది. చెప్పినా సంతోషమ్మ నమ్మలేదు. మిషనుకు ఆగుతామా, ఎవరాగుతారు, ఇరవై ఏండ్లుగా ఈడనే ఉండాము, మాకు తెలీదా అంది.

“అయితే కృపను పిలవండి. మీరే చూద్దురు.”

కృపారాణి వచ్చి తలుపు పక్కన నిలబడింది. శశికళ సంచిలోంచి నోటుపుస్తకం తీసి చేతికిచ్చింది. పిల్ల దాన్ని తెరవకుండా గుండెకు ఆనించుకుంది. ఉపన్యాసం మొదట్నుంచి చెప్పమంది శశికళ. పిల్ల తల్లి ముఖం చూసింది, టీచరు ముఖం చూసింది. మళ్లీ నిలబడిపోతే ఎట్లా అన్న భయం ఆ ముఖంలో స్పష్టంగా కనబడుతోంది. అయినా గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. సభకు నమస్కారం దగ్గర వణికిన గొంతు, నాలుగో వాక్యానికి నిలదొక్కుకుంది. ఆరో వాక్యం సగంలో మిషను దిగింది.

కృపారాణి ఆగింది. భయపడినట్టు లేదు, వెతుక్కుంటున్నట్టు లేదు. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చే మనిషంత మామూలుగా ఆగింది. సంతోషమ్మ కన్నార్పకుండా చూస్తోంది. శశికళ ఆమె పక్కకు జరిగి గడియారం చూపించింది. పది, ఇరవై, ముప్పై. మిషను లేచింది. వదిలిన చోటునుంచి కృపారాణి అందుకుని ఇంకో రెండు వాక్యాలు చెప్పాక తల్లి ముఖం చూసి తనే ఆపేసింది.

“ఏమమ్మా? వచ్చిందా?”

సంతోషమ్మ తల అడ్డంగా ఊపింది. తర్వాత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. చేతులు తీసేసరికి చెంపలు, ముక్కు, కనుబొమలు తెల్లగా పొడి పూసుకుని ఉన్నాయి. ఆ తెలుపు మధ్యలో ఆమె నవ్వుతోంది. రోగం లేదు, పాడూ లేదు, అంతా మిషనే అని గొణుక్కుంటూ కూతురి తల మీద చెయ్యి వేసింది. మిషను చప్పుడు లేని చోట, చర్చిలో గాని సంతలో గాని ఎప్పుడైనా ఇట్లా ఆగిందా అని శశికళ గట్టిగా గుర్తుచేసుకోమంది. ఎప్పుడూ లేదంది సంతోషమ్మ. ఆదివారం మిషన్లు తిరగవు, పాస్టరయ్య గూడా రెండు గంటలు యాడా ఆగడు టీచరమ్మా, మేమే ఆగమని మొక్కుకుంటాము అంది. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంట్లో అది మొదటి హాస్యం.

కృపారాణికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. శుక్రవారం హాలు వెనక పట్టాల మీద గూడ్సుబండి పోయింది కదా, వరండాలో నాకూ వినబడింది అని శశికళ అడిగితే, పోయింది టీచర్, పొడుగు బండి, అంది. అప్పుడు నువ్వేం చేస్తున్నావంటే, చెప్తానే ఉండా అంది. తర్వాత తనే ఆలోచనలో పడింది.

“అయితే నేను నిజంగానే ఆగినానా టీచర్?”

“ఆగినావమ్మా.”

“అందరూ నన్నే చూస్తాండిరా?”

“అందరూ చూస్తాండిరి.”

పిల్ల ముఖం చాలా రోజుల తర్వాత విచ్చుకుంది. “నాకేం తెలీనే తెలీదు,” అంది. ఈసారి ఆ మాటలో భయం లేదు.

శశికళ లేచి ఆ పిల్ల ముందు నిలబడింది. పిల్లలకు క్షమాపణ చెప్పడం ఆమెకు అలవాటు లేదు. తన టీచర్లెవరూ తనకు చెప్పినట్టు గుర్తు లేదు.

“నేనాడ లేను. లేకుండానే నిన్ను అబద్ధమాడతాండావన్నా. తప్పు నాది కృపా. బడిలో గూడా అందరి ముందర ఇదే చెప్తా.”

పర్లేదు టీచర్ అంది కృపారాణి నేల చూస్తూ. కానీ నోటుపుస్తకాన్ని పట్టుకున్న వేళ్లు మెత్తబడడం శశికళకు కనబడింది.

ఇంకో పని మిగిలింది. జిల్లా పోటీకి వెళ్లే పేరు మర్నాడు పొద్దున నంద్యాలకు పంపిస్తారు. మండలానికి ఒక్క పేరే. ఆ కాగితం ప్రధాన న్యాయనిర్ణేత సోమశేఖర్ సారు ఇంట్లో ఉంది. ముఖం కడుక్కుని వస్తానని సంతోషమ్మ తొట్టి దగ్గరికి పరుగెత్తింది.

సోమశేఖర్ సారు హెడ్మాస్టరుగా రిటైరై పదేళ్లయింది. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల ఏ ఊళ్లో వక్తృత్వ పోటీ జరిగినా ఆయన కుర్చీ ముందు వరసలో ఉండాల్సిందే. ముగ్గురూ వెళ్లేసరికి ఇంటి అరుగు మీద పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు. ఆ వీధిలో మిషన్లు లేవు. ఎవరింట్లోనో పప్పు తిరగమోత వేసిన చప్పుడు కూడా వినబడుతోంది. శశికళను చూడగానే ఆయనకు సంగతి అర్థమైపోయింది.

“ఫలితాలు చెప్పినాక వచ్చి తలుపు కొట్టేది మీ టీచర్లకు అలవాటైపోయిందమ్మా,” అన్నాడు.

శశికళ నిలబడే అంతా చెప్పింది. మిషను, ఆగిన మాటలు, గడియారంలో చూసిన ముప్పై ఆరు సెకన్లు, సందులో తన కళ్లతో చూసినదంతా ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు. విన్నాక తల ఊపాడు గాని అది ఒప్పుకునే ఊపు కాదు. ఆరోజు పోటీ జరుగుతున్నంతసేపట్లో మూడు బండ్లు పోయాయని, మిగతా పిల్లలు గొంతు పెంచుకుని చెప్పారే గాని ఎవరూ నోరు మూసుకోలేదని అన్నాడు.

“మరిచిపోయినోళ్లకు ఎన్ని సాకులుంటాయో నన్నడుగు. కరెంటు పోయిందంటారు, ఈగ వాలిందంటారు. నువ్వు రైలంటాండావు.”

“నా బిడ్డ సాకులు చెప్పదు సారూ,” అంది సంతోషమ్మ. ఎదురింటి కిటికీలోంచి ఒక ముఖం తొంగిచూసింది. ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“మెల్లగా చెప్పమ్మా తల్లీ. నా చెవులింకా బాగనే పనిచేస్తాండాయి.”

సంతోషమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయనతో వాదించేకొద్దీ ఆయన బిగుసుకుపోతాడని శశికళకు తెలుసు. ఆయనకు తెలిసిన సంగతే అడిగితే మేలనిపించింది.

“సార్, మరిచిపోయిన పిల్లలు మళ్లీ యాడ మొదలుపెడతారు?”

ఆ ప్రశ్న ఆయనకు నచ్చింది. కుర్చీలో ముందుకు వంగాడు. “వెనక్కి పోతారు. రెండు మూడు వాక్యాలు వెనక్కి పోయి, ఆడినుంచి ఉరుకుతా వస్తారు, కాలవ దుంకేవాని మాదిరి. బట్టీ కొట్టింది ఉరవడి లేంది రాదు గదా.”

“కృప వెనక్కి పోయిందా సార్?”

ఆయన లేచి లోపలికి వెళ్లి ఒక పొడుగాటి రిజిస్టరు తెచ్చుకున్నాడు. మిగతా న్యాయనిర్ణేతలు మార్కులు వేసి ఊరుకుంటారు. సోమశేఖర్ సారు మాత్రం పిల్లవాడు ఎక్కడ తెగాడో ఆ మాట, మళ్లీ ఎక్కడ అందుకున్నాడో ఆ మాట తన రిజిస్టరులో రాసుకుంటాడు. ఎవరైనా తగాదాకు వస్తే చూపించడానికని మొదలుపెట్టిన పద్ధతి. తగాదాకు వచ్చినవాళ్లు ఎప్పుడూ ఆ రిజిస్టరు అడగలేదు. ఆయనా తెరిచి చూపించలేదు.

వేలితో వరసలు దిగుతూ కృపారాణి పేరు దగ్గర ఆగాడు. పైకి చదివాడు.

“ఆగింది, ‘మా అవ్వ నెత్తి మీద’. అందుకున్నది, ‘రెండు బిందెలు పెట్టుకొని’.”

ఇంకోసారి చదువుకున్నాడు, ఈసారి లోపల్లోపల. పడక్కుర్చీ కిర్రుమంది. తర్వాత ఆయన కృపారాణిని దగ్గరికి రమ్మన్నాడు.

“అమ్మా, నువ్వు ఆడ నిలబడినంతసేపు నీ మనసులో ఏముండె? భయపడకుండా చెప్పు.”

కృపారాణి నిజంగా గుర్తు చేసుకుంది. ఆ పిల్ల నుదురు ముడిపడడం, మెల్లగా విడిపోవడం శశికళ చూస్తూనే ఉంది.

“ఏం లేదు సార్. అవ్వ నడుస్తాండె.”

సోమశేఖర్ సారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. ఆయన గొంతు మారింది. మరిచిపోయే పిల్లలు వాక్యం అయిపోయిన చోట, అతుకు దగ్గర తెగుతారని, మాట నడిమధ్యలో నెత్తి మీద బిందె పెట్టకుండా ఎవరూ వదిలెయ్యరని, వదిలేసినా నలభై సెకన్ల తర్వాత తిన్నగా బిందె మీదనే చెయ్యి పడదని, పాఠం చెప్పినట్టు చెప్పాడు. శశికళకు చెబుతున్నట్టే ఉంది గాని తనకు తాను చెప్పుకుంటున్నాడు.

“అంతా నా చేత్తోనే రాసినా. రాసింది చదవలే,” అన్నాడు చివరికి.

మార్కుల కాగితం తీసి ‘మరిచిపోయినది’ అన్న మాటను ఒక్క గీతతో కొట్టేశాడు. పక్కన సంతకం పెట్టాడు. మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతలకు ఫోను చేసి అక్కడే, ఈ ముగ్గురి ముందే చెప్పాడు. వాళ్లూ సరేనన్నారు. మళ్లీ లెక్కలోకి తీసుకుంటే కృపారాణికి అందరికంటే నాలుగు మార్కులు ఎక్కువ. సంతోషమ్మ రెండు చేతులూ జోడించి ఏదో అనబోయి, వీధి గుర్తొచ్చి, పెదవులతో మాత్రమే అంది. శశికళ అరుగు అంచున ఉన్న చెక్కబల్ల మీద కూలబడింది. పొద్దుట్నుంచి నీళ్లు కూడా తాగలేదని అప్పుడు తెలిసింది.

అయితే మొదటి స్థానం నుంచి ఒక పేరు దిగిపోవాలి. పదో తరగతి పద్మశ్రీ, ఒక ప్రైవేటు బడి పిల్ల, పోయినేడు కూడా మండలం తరఫున జిల్లాకు వెళ్లింది, పై వీధిలోనే ఇల్లు. ఇట్లాంటివి కాగితంలో చూసి తెలుసుకోకూడదని, ఎదురుగా కూర్చోబెట్టి నోటితో చెప్పాలని సోమశేఖర్ సారు పట్టుబట్టి ఆమెకు కబురు పంపాడు. మేము వెళ్లిపోతాం సార్ అని శశికళ లేవబోయింది. ఆ పిల్ల ఏడుస్తుంటే చూడడం ఆమెకు ఇష్టం లేదు. ఉండమన్నాడాయన.

పద్మశ్రీ పది నిమిషాల్లో వచ్చింది. యూనిఫాం కూడా మార్చుకోలేదు. సోమశేఖర్ సారు దాచకుండా చెప్పాడు, తప్పు తనదేనని, ఆమె మార్కులు ఒక్కటి కూడా తగ్గలేదని చెప్పాడు. పద్మశ్రీ చేతులు కట్టుకుని చివరిదాకా విన్నది. సరే సార్ అంది. అంతే. కృపారాణి దగ్గరికి వెళ్లి, బాగా చెప్పినావు ఆరోజు, అంది. సంతోషమ్మకు ఆ పిల్ల మీద అంతలోనే ప్రేమ పుట్టుకొచ్చి, మా ఇంటికి రామ్మా అని పిలిచింది.

శశికళ ఆ ముఖంలో ఏడుపు కోసం వెతికింది. పోనీ ఉక్రోషం కోసం వెతికింది. రెండూ లేవు. అక్కడ ఉన్నదేమిటో గుర్తుపట్టడానికి ఆమెకు ఆట్టే సేపు పట్టలేదు, ఎందుకంటే గంట కిందట పాలిష్ షెడ్డు ముందు సంతోషమ్మ ముఖంలో చూసిందీ అదే. పెద్ద ఆపద తప్పిపోయిన మనిషి ముఖం.

సోమశేఖర్ సారు రిజిస్టరు లోపల పెట్టడానికి వెళ్లాడు. సంతోషమ్మ కూతురికి జడ సరిచేస్తోంది. పద్మశ్రీ మెట్టు దిగబోయి, వెనక్కి తిరిగి, శశికళ కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చింది.

“మేడం, జిల్లాకు ఆ పిల్ల వెంట మీరే పోతారా?”

అవునంది శశికళ.

పద్మశ్రీ తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

“పోయినేడు నేను ఓడిపోయి వచ్చినానని అందరూ అనుకుంటాండారు. నేను మాట్లాడనే లేదు మేడం. నా పేరు పిలిచినారు, నేను లేచి పోలేదు. ఎందుకు పోలేదో మా అమ్మకు గూడా తెలీదు.” ఒక్క క్షణం తటపటాయించింది. “ఆడ ఏం జరిగిందో ఆ పిల్లను పంపేముందర మీకు తెలియాల.”

శశికళ నోటిదాకా వచ్చిన ప్రశ్నలు నాలుగైదు ఉన్నాయి. ఒక్కటీ అడగలేదు. సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, బల్ల మీద కాస్త పక్కకు జరిగి చోటు చేసింది.